కట్టు విప్పాక కూడా చెయ్యి మండుతోందా? సీఆర్‌పీఎస్ అనే అరుదైన నొప్పి జబ్బు గురించి

(తెర మీద: తెల్ల దుప్పటి మీద పక్కపక్కన రెండు చేతులు. ముఖం కనపడదు.)

ఈ రెండు చేతులూ నావే. ఎడమది మామూలుగా ఉంది. కుడిది చూడండి. కాస్త ఉబ్బి, ఎర్రగా, చర్మం నున్నగా మెరుస్తోంది. గోళ్ళ మీద గీతలు పడ్డాయి. పట్టుకుని చూస్తే ఎడమదాని కన్నా వెచ్చగా కూడా ఉంటుంది, కానీ నేను పట్టుకోనివ్వను లెండి. ఎక్స్‌రేలో మణికట్టు ఎముక చక్కగా అతుక్కుంది. రక్తపరీక్షలన్నీ నార్మల్. మరి ఈ చేతికి ఏమైంది?

దీన్ని కాంప్లెక్స్ రీజినల్ పెయిన్ సిండ్రోమ్ అంటారు. పొట్టిగా సీఆర్‌పీఎస్. కొందరు పెద్ద డాక్టర్లు ఇప్పటికీ చీటీ మీద సూడెక్ అనో, ఆర్ఎస్‌డీ అనో రాస్తుంటారు. అవన్నీ ఈ జబ్బుకున్న పాత పేర్లే. మీ చీటీలో అలా ఉంటే ఇది వేరే జబ్బేమో అని కంగారు పడకండి.

నేను ఉండేది నెల్లూరులో. డాక్టర్‌ని కాను, ఈ జబ్బుతో బతుకుతున్న మనిషిని. అందుకే మందుల డోసులు చెప్పను. దీన్ని ఎలా గుర్తుపడతారో, డాక్టర్ దగ్గర ఏం చెప్పాలో, ఇంట్లో ఎలా నెట్టుకురావాలో మాత్రం వివరంగా చెబుతాను.

ముందు నొప్పి సంగతి. దెబ్బ తగిలితే నొప్పి రావడం మామూలే. దెబ్బ మానేకొద్దీ నొప్పి కూడా తగ్గాలి. సీఆర్‌పీఎస్‌లో దెబ్బ మానుతుంది, నొప్పి పెరుగుతుంది. ఆటో హారన్ ఒకసారి నొక్కాక ఇరుక్కుపోయి, చెయ్యి తీసేసినా మోగుతూనే ఉంటుంది చూశారా, నరాల పరిస్థితి అదే. దెబ్బ తగిలిన చోట నరాల చివర్ల నుంచి వాపు పుట్టించే రసాయనాలు ఆగకుండా వస్తుంటాయి. రక్తనాళాలనూ చెమటనూ అదుపులో ఉంచే నరాలు గాడి తప్పుతాయి. వెన్నుపాము, మెదడు ఆ చేతి నుంచి వచ్చే ప్రతి కబురునూ నొప్పిగానే లెక్కేస్తాయి. ఫ్యాన్ గాలి తగిలినా మంట, చీర కొంగు తగిలినా మంట. స్నానం చేస్తుంటే నీటిధార పడినా సూదులు గుచ్చినట్టే. మణికట్టు దగ్గర విరిగితే నొప్పి అక్కడే ఆగదు. వేళ్ళ దాకా, మోచేతి దాకా పాకుతుంది.

(తెర మీద: పాత యుద్ధకాలపు సైనికుడి బొమ్మ)

ఇది కొత్త జబ్బేమీ కాదు. అమెరికా అంతర్యుద్ధంలో తుపాకీ గుళ్ళు తగిలి నరాలు దెబ్బతిన్న సైనికులకు ఇలాంటి మంటే వస్తుందని సైలస్ వెయిర్ మిచెల్ అనే డాక్టరు 1864లోనే రాశారు. ఆ సైనికులు మండే చేతిని ఎప్పుడూ తడిగుడ్డతో తడుపుతూ ఉండేవాళ్ళట. 1900లో జర్మనీ సర్జన్ పాల్ సూడెక్, ఇలాంటి చేతుల్లో ఎముక పలచబడటాన్ని ఎక్స్‌రేలో చూపించారు. చీటీల మీద కనిపించే సూడెక్ ఈయనే. ఇప్పుడు వాడుతున్న పేరు 1994లో స్థిరపడింది.

అరుదు అంటే ఎంత అరుదు? నెదర్లాండ్స్‌లో 2007లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం ఏడాదికి లక్ష మందిలో 26 మందికి కొత్తగా వస్తోంది. మగవాళ్ళ కన్నా ఆడవాళ్ళలో మూడు రెట్లకు పైగా ఎక్కువ. కాలి కన్నా చేతికి ఎక్కువ. అన్నిటి కన్నా ఎక్కువగా మొదలయ్యేది ఎముక విరిగాకే. అంటే బాత్‌రూంలో జారి, చెయ్యి ఆనించి, మణికట్టు విరగ్గొట్టుకునే మన అమ్మలూ అత్తలూ సరిగ్గా ఆ లెక్కలోకే వస్తారు.

ఇక్కడ కట్టు గురించి ఒక మాట. మనవైపు చెయ్యి విరిగితే కొందరు పుత్తూరు కట్టుకు పోతారు, కొందరు ఆస్పత్రిలో పిండికట్టు వేయించుకుంటారు. ఎక్కడ వేయించుకున్నా, వేళ్ళు ఉబ్బి రంగు మారుతున్నా, తిమ్మిరెక్కుతున్నా "కట్టన్నాక బిగుతుగానే ఉంటుంది" అని ఊరుకోకండి. అదే రోజు వెళ్ళి చూపించండి. కదపొద్దని డాక్టర్ ప్రత్యేకంగా చెబితే తప్ప, కట్టు బయట ఉన్న వేళ్ళను మొదటి రోజు నుంచే ఆడిస్తూ ఉండాలి. 2014లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఇంకో సంగతి చెప్పారు. మణికట్టు విరిగిన మొదటి వారంలో నొప్పి పదికి ఐదు, అంతకు మించి ఉంటే ఆ మనిషిని గమనిస్తూ ఉండాలట. కాబట్టి నొప్పి భరించలేకుండా ఉందని ఆ వారంలోనే చెప్పండి, కట్టు విప్పేదాకా ఆగకండి.

ఇక మన జిల్లాల్లో అసలు చిక్కు. పొదిలి, దర్శి, కనిగిరి వైపు ఏ కీలు నొప్పి అన్నా అనుమానం ముందు ఫ్లోరైడ్ నీళ్ళ మీదకు పోతుంది. పోవడంలో తప్పు లేదు. ఆ నీళ్ళ వల్ల వచ్చే జబ్బు ఫ్లోరోసిస్‌ను మన దేశంలో మొదట గుర్తించిందే 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. ఆ పల్లెలు చాలావరకు తర్వాత ప్రకాశంలోకి వచ్చాయి. కానీ ఫ్లోరైడ్ నొప్పి ఏళ్ళ తరబడి నీళ్ళు తాగాక మెల్లగా వస్తుంది. మెడ, వెన్ను, మోకాళ్ళు, ఇలా ఒంట్లో చాలా కీళ్ళు బిగుసుకుంటాయి. షుగర్ వల్ల వచ్చే మంట ఎక్కువగా రెండు పాదాల్లోనూ ఉంటుంది. కీళ్ళవాతం సాధారణంగా రెండు చేతుల కీళ్ళనూ పడుతుంది. సీఆర్‌పీఎస్ మాత్రం దాదాపు ఎప్పుడూ ఒక్క చేతిలోనో ఒక్క కాలిలోనో మొదలవుతుంది. దెబ్బో, ఆపరేషనో, కట్టో అయిన కొన్ని వారాల్లోనే మొదలవుతుంది. రెండు పక్కలకూ తేడా కంటికి కనిపిస్తుంది. నీళ్ళు మార్చి చూద్దామని ఏడాది గడిపేస్తే మంచి కాలం కాస్తా పోతుంది.

(తెర మీద: నాలుగు గళ్ళ పట్టిక)

ఇక డాక్టర్లు దీన్ని ఎలా తేలుస్తారో చూద్దాం. దీనికంటూ ఒక రక్తపరీక్ష గానీ స్కాన్ గానీ లేదు. 2003లో హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో నిపుణులు కూర్చుని కొన్ని గుర్తులు రాసుకున్నారు. ఇప్పుడు అందరూ వాడేవి అవే. మొదటి గడి: ముట్టుకుంటే అతిగా నొప్పి. రెండోది: రంగులో, వేడిలో రెండో పక్కతో తేడా. ఎర్రగానో ఊదాగానో ఉండొచ్చు, వేడిగానో చల్లగానో ఉండొచ్చు. మూడోది: వాపు, చెమటలో తేడా. నాలుగోది: కదలిక తగ్గడం, వణుకు, పట్టు తగ్గడం, గోళ్ళూ వెంట్రుకలూ చర్మమూ మారడం. ఈ నాలుగింటిలో మూడు గళ్ళలోనైనా ఒక్కో ఇబ్బంది ఉందని మీరు చెప్పాలి. రెండు గళ్ళలోనైనా ఒక్కో గుర్తు పరీక్షించేటప్పుడు డాక్టరు కంట పడాలి. తగిలిన దెబ్బకు ఉండాల్సిన దాని కన్నా నొప్పి ఎక్కువగా, ఎడతెగకుండా ఉండాలి. ఇదంతా వేరే ఏ జబ్బుతోనూ సరిపోకూడదు. ఎక్స్‌రేలూ రక్తపరీక్షలూ ఆ చివరి మాట కోసమే, ఇన్‌ఫెక్షన్, రక్తనాళంలో గడ్డ, గౌట్ లాంటివి కాదని చూసుకోవడానికి. అందుకే "రిపోర్టులన్నీ నార్మల్, నీకేం లేదు" అనే మాట ఈ జబ్బు విషయంలో చెల్లదు. రిపోర్టులు నార్మల్ రావడం కూడా ఈ జబ్బును తేల్చడంలో భాగమే.

చిక్కేమిటంటే, రంగూ వాపూ పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటాయి. మనం బస్సెక్కి ఒంగోలో నెల్లూరో చేరి, ఓపీలో గంటలు కూర్చుని, లోపలికి పోయేసరికి చెయ్యి మామూలుగా కనిపించొచ్చు. కాబట్టి ఫోన్‌తో ఫొటోలు తీసి పెట్టుకోండి. రెండు చేతులూ ఒకే ఫొటోలో, ఒకే వెలుతురులో పడాలి. నొప్పి చెయ్యి ఒక్కటే తీస్తే పనికిరాదు. డాక్టర్ దగ్గర "బాగా నొప్పి సార్" అని ఆపేయకండి. నొప్పి ఎవరికి ఉండదు? "దుప్పటి తగిలితే మంట, సాయంత్రానికి ఊదారంగు, బొత్తాం పెట్టుకోలేను, ఈ చేతికి ఒక్కదానికే చెమట" అని చెప్పండి. ఎముకల డాక్టరుకు అనుమానం రాకపోతే "సార్, సీఆర్‌పీఎస్ అయ్యుండొచ్చా?" అని మీరే అడగండి. తప్పేం లేదు. పెయిన్ క్లినిక్ అని ఉంటుంది, అక్కడ ఎక్కువగా మత్తు డాక్టర్లే చూస్తారు. మనవాళ్ళు తిరుపతికో, వేలూరుకో, చెన్నైకో పోయేది చాలావరకు ఇందుకే.

మరి వైద్యం? అసలైన మందు కదలికే. నొప్పిగా ఉందని చేతిని గుండెకు ఆనించుకుని దాచుకోవాలనిపిస్తుంది. దాచేకొద్దీ కీళ్ళు బిగుస్తాయి, ఎముక పలచబడుతుంది, మెదడు ఆ చేతిని ఇంకా పరాయిదానిలా చూస్తుంది. ఫిజియోథెరపిస్ట్ చూపినట్టు కొంచెం కొంచెంగా కదపాలి. స్పర్శకు అలవాటు చేయడం ఇంకో పని. ముందు దూదితో, తర్వాత మెత్తటి నూలుగుడ్డతో, ఆ తర్వాత గరుకు టవల్‌తో రాయాలి. ఐసు మాత్రం పెట్టకండి. చాలామందికి చల్లదనంతో ఇంకా రేగుతుంది. రొయ్యల ప్లాంటులో ఐసు నీళ్ళలో చేతులు పెట్టి పనిచేసే అక్కలకు ఈ జబ్బొస్తే ఆ పని సాగడం కష్టమే, వేరే సెక్షన్ అడగాల్సిందే.

(తెర మీద: బల్ల మీద నిలబెట్టిన అద్దం, దాని వెనక కుడి చెయ్యి)

అద్దం వైద్యం అంటే నాకు మొదట నవ్వొచ్చింది. చెన్నై స్టాన్లీ మెడికల్ కాలేజీలో చదివి అమెరికా వెళ్ళిన డాక్టర్ వి.ఎస్. రామచంద్రన్ 1990లలో చెయ్యి తీసేసినవాళ్ళ నొప్పి కోసం కనిపెట్టిన పద్ధతి ఇది. తర్వాత సీఆర్‌పీఎస్‌కూ వాడారు. నొప్పి చెయ్యి అద్దం వెనక దాస్తారు. మంచి చెయ్యి అద్దంలో చూస్తూ కదిపితే, కుడి చెయ్యి హాయిగా కదులుతున్నట్టు మెదడుకు కనిపిస్తుంది. అందరికీ పనిచేయదు. ఖర్చు మాత్రం ఒక అద్దమే.

మందుల్లో గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ లాంటి నరాల మందులు, మొదట్లో వాపూ వేడీ ఎక్కువుంటే కొద్ది రోజులు స్టెరాయిడ్, కొందరికి ఎముకల మందులు ఇస్తారు. అమిట్రిప్టిలిన్ కవరు చూసి "ఇది డిప్రెషన్ మాత్ర గదా, నాకు పిచ్చనుకున్నారా" అని భయపడకండి. తక్కువ డోసులో నరాల నొప్పికీ ఇస్తారు. చేతి నొప్పికి మెడ దగ్గర నరానికి ఇంజెక్షన్ చేస్తారు, అది కొందరికి కొంతకాలం ఊరట ఇస్తుంది. టెన్షన్ ఈ నొప్పిని పెంచుతుంది, నిజమే. కానీ టెన్షన్ వల్ల వచ్చిన జబ్బు కాదు.

ఇంట్లో, వీధిలో బతుకు ఇంకో పాఠం. "ఏమ్మే, కట్టిప్పి ఇన్నాళ్ళయిందే, ఇంకా చెయ్యి ఒళ్ళో పెట్టుకోని కూసుంటివే?" అంటారు. ప్రతి ఒక్కరికీ నరాల సంగతి చెప్పలేం. నేను "నరం దెబ్బతినింది, చెయ్యి తగలనీయొద్దన్నారు" అని ఊరుకుంటాను. రొట్టెల పండగకు బారాషహీద్ దర్గా దగ్గర చెరువులో దిగే జనం మధ్యకు పోను. ఎవరి మోచెయ్యి తగిలినా ఆ రాత్రి నిద్ర ఉండదు. అన్నిటి కన్నా కష్టమైంది, బాగున్న రోజున ఆగడం. నొప్పి కాస్త తగ్గిందని ఇల్లంతా కడిగి, పిండి రుబ్బి, బట్టలు పిండేస్తే మర్నాడు మంచం దిగలేం. బాగున్నా, బాగలేకపోయినా పని దాదాపు ఒకే మోతాదులో చేసుకోవాలి.

సదరం సర్టిఫికెట్ గురించి కూడా చెప్పేస్తాను. 2016 వికలాంగుల చట్టంలోని 21 రకాల్లో దీర్ఘకాలపు నొప్పి లేదు. క్యాంపులో నొప్పిని కొలవరు, చెయ్యి ఎంతవరకు కదులుతోందో, ఎంత బలం ఉందో చూస్తారు. కాబట్టి ఫిజియోథెరపిస్ట్ రాసిన కొలతల కాయితాలు జాగ్రత్తగా దాచుకోండి.

తగ్గుతుందా అంటే, మొదటి ఏడాదిలోనే చాలామందికి బాగా నెమ్మదిస్తుంది. కొందరికి ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. తొందరగా పట్టుకుంటే మేలు. ఒకసారి వచ్చినవాళ్ళు తర్వాత ఏ ఆపరేషన్‌కు పోయినా సర్జన్‌కూ మత్తు డాక్టరుకూ ముందే చెప్పాలి. రక్తం తీసేటప్పుడు, సెలైన్ పెట్టేటప్పుడు, బీపీ చూసేటప్పుడు రెండో చెయ్యి ఇవ్వండి. నర్సమ్మ హడావిడిలో ఉంటుంది, అడగదు. మీరే చెప్పాలి.