ఒక్కో చోటికి ఒక్కో మెయిల్ ఐడీ

అందరికీ నమస్కారం అండీ. మీలో చాలామంది ఫైనల్ ఇయర్ వాళ్ళే కదా, ఇకనుంచి జాబ్ సైట్లు, కోచింగ్ సెంటర్లు, విదేశీ చదువుల కన్సల్టెన్సీలు, ఎక్కడికెళ్ళినా ఫారం నింపమంటారు, అన్నిట్లో అదే జీమెయిల్ ఐడీ రాసేస్తారు. నాకు భయం అక్కడే. పేరు కొంచెం మార్చి రాసినా, పుట్టినరోజు తప్పు రాసినా ఆ ఒక్క ఐడీ చాలు, పది కంపెనీల దగ్గర విడివిడిగా ఉన్న మీ వివరాలన్నీ ఒకే మనిషివని కలిపెయ్యడానికి.

ఇది ఊహ కాదండీ, యాడ్స్ బిజినెస్ చాలావరకు నడిచేదే ఇలా. షాపు వాళ్ళు కస్టమర్ల మెయిల్ ఐడీలని హ్యాష్ చేసి, అంటే ఒక లెక్క ప్రకారం పొడుగాటి అంకెలూ అక్షరాల వరసగా మార్చి, ఫేస్‌బుక్‌కో గూగుల్‌కో అప్‌లోడ్ చేస్తారు, అవతల వాళ్ళ దగ్గరున్న మీ ఐడీకి కూడా అదే హ్యాష్ వస్తుంది కాబట్టి టక్కున మ్యాచ్ అయిపోతుంది. మీ ఐడీ ఎవరికీ చూపించలేదు అని షాపు వాళ్ళు చెప్పేది నిజమే కావచ్చు, అయినా మీరెవరో తెలిసిపోయింది.

ఇక లీకులు. 2020లో బిగ్‌బాస్కెట్ నుంచి దాదాపు 2 కోట్ల మందివి, 2021లో ఎయిర్ ఇండియా నుంచి దాదాపు 45 లక్షల మంది ప్రయాణికులవి వివరాలు బయటపడ్డాయి. హ్యావ్ ఐ బీన్ ప్వన్డ్ అని ట్రాయ్ హంట్ అనే సైబర్ సెక్యూరిటీ నిపుణుడు 2013లో పెట్టిన సైట్ ఉంది, అందులో మీ ఐడీ కొట్టి చూడండి, ఏయే లీకుల్లో ఉందో చూపిస్తుంది. పాస్‌వర్డ్ అయితే మార్చుకుంటాం, పదేళ్ళుగా వాడుతున్న మెయిల్ ఐడీని ఎలా మారుస్తాం చెప్పండి?

జీమెయిల్‌లో పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి ఏదో ఒక మాట కలిపితే కూడా మెయిల్ మనకే వస్తుంది, చాలామందికి తెలిసిన చిట్కానే. ఫిల్టర్లు పెట్టుకోడానికి బాగుంటుంది గానీ దాచడానికి పనికిరాదు, ప్లస్ నుంచి ఎట్ గుర్తు దాకా తీసేస్తే అసలు ఐడీ అక్కడే ఉంది.

టెంపరరీ మెయిల్ సైట్లు వేరే రకం. మెయిలినేటర్ లాంటి వాటిలో ఫ్రీ ఇన్‌బాక్స్‌కి పాస్‌వర్డే ఉండదు, ఆ పేరు కొట్టిన ఎవరైనా చదవొచ్చు. ఒక్క పీడీఎఫ్ డౌన్‌లోడ్‌కి వాడుకోండి, మళ్ళీ లాగిన్ అవ్వాల్సిన అకౌంట్‌కి మాత్రం దయచేసి వద్దు, రేపు పాస్‌వర్డ్ రీసెట్ లింక్ అక్కడికే వెళ్తుంది.

నేను గట్టిగా చెప్పేది ఏలియాస్ గురించి. సైట్‌కి ఇచ్చేది ఏవో పొంతన లేని అక్షరాల ఐడీ, దానికొచ్చిన మెయిల్ మన అసలు ఇన్‌బాక్స్‌కి ఫార్వర్డ్ అవుతుంది, వాళ్ళకి అసలు ఐడీ తెలీదు, గోల ఎక్కువైతే ఆ ఒక్కటి ఆఫ్ చేస్తే చాలు, మిగతావి అలాగే పనిచేస్తాయి. ఫైర్‌ఫాక్స్ రిలేలో ఫ్రీగా 5 వస్తాయి, 2022లో ప్రోటాన్ అనే మెయిల్ కంపెనీ కొన్న సింపుల్‌లాగిన్‌లో 10. డక్‌డక్‌గో అయితే ఫ్రీయే, పైగా మెయిల్ తెరిచామా లేదా అని కనిపెట్టే ట్రాకర్లని తీసేసి పంపిస్తుంది, నాకు బాగా నచ్చింది అదే. ఐఫోన్ వాళ్ళకి యాపిల్ హైడ్ మై ఈమెయిల్ ఉంది.

ఇంకో లాభం ఏంటంటే ఎవరు అమ్మారో తెలిసిపోతుంది. ఒక కన్సల్టెన్సీకి మాత్రమే ఇచ్చిన ఏలియాస్‌కి కొన్నాళ్ళకి ప్లాట్ల వెంచర్ మెయిల్స్ మొదలయ్యాయి నాకు, ఇంకెవరికీ ఇవ్వలేదు కాబట్టి అనుమానమే లేదు, ఆరోజే ఆపేశాను.

అన్నిటికీ వాడమని మాత్రం చెప్పను. ఏలియాస్ కంపెనీ మూతపడితే దానికొచ్చే మెయిల్స్ కూడా పోతాయి, పైగా మెయిల్స్ వాళ్ళ సర్వర్ మీదుగానే వస్తాయి కాబట్టి వాళ్ళని నమ్మాలి. బ్యాంక్, ఇన్‌కమ్ ట్యాక్స్, డిజీలాకర్, పాస్‌పోర్ట్, వీటికి ఎక్కడా బయట ఇవ్వని సొంత ఐడీ ఒకటి విడిగా పెట్టుకోండి. మన దగ్గర ఫోన్ నంబర్ కూడా అడుగుతారు, నంబర్ ఇస్తే దాంతోనే మళ్ళీ కలిపేస్తారు, అందుకే ఫారంలో స్టార్ గుర్తు లేని చోట నంబర్ రాయకండి, షాపు బిల్లు కౌంటర్ దగ్గర అడిగితే ఇవ్వనని చెప్పండి, బిల్లు ఇవ్వడానికి నంబర్ అక్కర్లేదు.

ఇప్పుడు ఫోన్లు తీయండి, డక్‌డక్‌గో యాప్‌లో ఏలియాస్ ఎలా పెట్టాలో చూపిస్తాను, ఎక్కడైనా ఆగిపోతే చెయ్యి ఎత్తండి.