కార్డు ముక్కను ఉత్తరం ఎప్పుడు చేస్తారని అడగకండి

[వ్యాఖ్యాత కెమెరా ఎదురుగా కూర్చుని ఉంటారు. చేతిలో ఖాళీ పోస్టుకార్డు.]

చిన్న ఊళ్లో చిత్రోత్సవం. షార్ట్ ఫిల్ముల ప్రదర్శన ముగిసింది, దీపాలు వెలిగాయి, దర్శకులు వేదికెక్కారు. ఇక ఎవరో ఒకరు చెయ్యెత్తి అడిగి తీరతారు: "చాలా బాగుందండీ. మరి దీన్ని పెద్ద సినిమాగా ఎప్పుడు తీస్తున్నారు?"

అడిగినవారి ఉద్దేశం మంచిదే, మెచ్చుకుంటున్నామనే అనుకుంటారు. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. దర్శకుడు మొహమాటంగా నవ్వి "చూడాలండీ" అంటాడు. ఆ నవ్వు వెనక మింగేసిన మాటలేమిటో ఇవాళ చెబుతాను.

[పోస్టుకార్డు దగ్గరగా]

కార్డు ముక్క అంటాం కానీ, ఇది దేనిలోంచీ చింపిన ముక్క కాదు. పది పేజీల ఉత్తరాన్ని చింపితే వచ్చేది చిరిగిన ఉత్తరమే. కార్డు రాసేవాడికి ఎంత చోటుందో కలం తీయకముందే తెలుసు. అందుకే కుశలప్రశ్నలు మానేసి నేరుగా సంగతికి వస్తాడు.

[తెర మీద చేతిరాత: "అమ్మకు నయమైంది. నువ్వు రానక్కర్లేదు."]

అంతే, రెండు వాక్యాలు. 'రానక్కర్లేదు' అన్నది ఊరట మాటా, నిష్ఠూరమా? చదివినవాడికి ఆ రాత్రి నిద్ర పట్టదు. ఇదే సంగతి పది పేజీలు రాస్తే సందేహం తీరిపోతుంది. సందేహం తీరాక అందులో ఇంకేం మిగిలింది? మంచి షార్ట్ ఫిల్ము సరిగ్గా ఆ 'రానక్కర్లేదు' దగ్గర ఆగుతుంది. దర్శకుణ్ని మీరు అడుగుతున్నది ఆ మాటను పది పేజీలు చేయమని.

నిడివి సంగతి: ఆస్కార్ నిబంధనల ప్రకారం తెర మీద పడే పేర్లతో కలిపి 40 నిమిషాలు దాటకపోతే షార్ట్ ఫిల్ము. ఫ్రాన్స్‌లోని కాన్ చిత్రోత్సవం పోటీలో అయితే 15 నిమిషాలే, అదీ పేర్లతో కలిపి. 'పేర్లతో కలిపి' అన్నది గమనించండి. ఆరు నిమిషాల సినిమాకు రెండు నిమిషాల పేర్లు వేసేవాళ్లున్నారు. కార్డు మీద రాసుకునే చోటంతా చిరునామాకే ఇచ్చేస్తే ఎలాగండీ!

"చిన్నది కదా, సాధన కోసం తీసినదే కదా" అనేవారికి ఒక ఉదాహరణ. ఫ్రెంచి దర్శకుడు ఆల్బెర్ లామొరిస్ 1956లో తీసిన 'ఎర్ర బెలూన్' నిడివి 34 నిమిషాలు. ఒక పిల్లవాడు, వాడి వెంట తిరిగే ఒక బెలూన్. మాటలు దాదాపు లేవు. దానికి ఆస్కార్ వచ్చింది, షార్ట్ ఫిల్ముల విభాగంలో కాదు, మౌలిక స్క్రీన్‌ప్లేకి! రెండు గంటల సినిమాలు రాసినవాళ్ల మధ్య నిలబడి, మాటల్లేని అరగంట సినిమా రచనకు బహుమతి పట్టుకుపోయింది. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు సంతోషం పట్టలేనంత వస్తుంది.

షార్ట్ ఫిల్ము నుంచి పెద్ద సినిమా అయిన 'విప్‌లాష్' పేరు మీరు వెంటనే ఎత్తుతారని తెలుసు. ఒప్పుకుంటాను. డేమియన్ షజెల్ తీసిన 18 నిమిషాల చిత్రం 2013లో అమెరికాలోని పార్క్ సిటీ అనే చిన్న ఊళ్లో, సన్‌డాన్స్ ఉత్సవంలో బహుమతి పొందింది. మరుసటి ఏడాదికి పూర్తి సినిమా వచ్చింది, ఆపైన మూడు ఆస్కార్లు. కానీ అక్కడ పూర్తి సినిమా స్క్రీన్‌ప్లే ముందే సిద్ధంగా ఉంది. పెట్టుబడి కోసం అందులోంచి ఒక ఘట్టం తీసి చూపించారు. అంటే అది ఉత్తరంలోంచి తీసిన పేజీ, మొదటినుంచీ కార్డు కాదు. ఆ ఒక్క పేజీని చూసి కార్డులన్నిటినీ ఉత్తరాలు కమ్మంటే ఎలా?

అసలు షార్ట్ ఫిల్ము, పెద్ద సినిమా, ఈ ఇద్దరిలో పెద్దవాడెవరో కూడా తారుమారు చేశాం. 1895 డిసెంబర్ 28న పారిస్‌లో ల్యుమియేర్ సోదరులు డబ్బు తీసుకుని ప్రేక్షకులకు చూపించినది పది సినిమాలు. ఒక్కొక్కటి సుమారు 50 సెకన్లు. గంటకు పైబడిన కథాచిత్రం రావడానికి 1906 దాకా ఆగాల్సి వచ్చింది, అదీ ఆస్ట్రేలియాలో. అన్నను పట్టుకుని తమ్ముడంటున్నాం మనం.

ఆ పది సినిమాలూ ఒక కట్టగా వచ్చాయి. నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇదే.

[బల్ల మీద తొమ్మిది కార్డులు పరుస్తారు]

ఉత్సవంలో షార్ట్ ఫిల్మును ఒంటరిగా చూడం. గంటన్నర కట్టలో ఆరో, ఎనిమిదో, తొమ్మిదో ఉంటాయి. ఆ కట్ట పేర్చేవాళ్ల పనిని ఎవరూ పట్టించుకోరు. ముందు కార్డు సిరా ఆరకముందే దాని మీద రెండోది పెడితే ఏమవుతుంది? మరక అంటుకుంటుంది. తండ్రి చావు మీద ఒక సినిమా, వెంటనే తాత చావు మీద ఇంకొకటి. రెండోది ఎంత గొప్పదైనా హాలులో ఎవరికీ కన్నీళ్లు మిగిలి ఉండవు. బరువైనదాని వెంటనే హాస్యం పెడితే అదొక నేరం, జనం నవ్వడానికి సిగ్గుపడతారు. మధ్యలో మాటల్లేని మూడు నిమిషాల యానిమేషన్ ఒకటి పెట్టి చూడండి, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. మొదటి సినిమా మరీ కష్టమైనది కాకూడదు, ప్రేక్షకుడికి ముందు నమ్మకం కుదరాలి. పొడవైనది సాధారణంగా చివరికి వెళుతుంది.

ఎంపికలో తిరస్కారాలకు ఒక కారణం కూడా ఇక్కడే ఉంది. 28 నిమిషాల సినిమా బాగుంటే సరిపోదు, ఆ చోటులో పట్టే రెండు 14 నిమిషాల సినిమాలకన్నా బాగుండాలి. మీ సినిమా చెడ్డదని వాళ్లు అనలేదు, కట్టలో పట్టలేదన్నారు.

చిన్న ఊరి ఉత్సవంలో ఇంకొక సంగతి. పెద్ద నగరంలో పది తెరలుంటాయి, ఎవరికి నచ్చింది వాళ్లు ఎంచుకుంటారు. ఇక్కడ ఉన్నది ఒకే హాలు. పదేళ్ల పిల్లా, విశ్రాంత ఉపాధ్యాయుడూ, సినిమా చదువుకునే కుర్రాడూ ఒకే కట్ట చదవాలి. దర్శకుడు మీకు రెండు వరుసల ముందే కూర్చుని ఉంటాడు. ఎక్కడ దగ్గారో, ఎక్కడ ఫోను తీశారో అన్నీ వింటాడు, చూస్తాడు. ఏ సమీక్షా అతనికి అంత సూటిగా చెప్పదు.

[గడియారం చూసుకుంటారు]

నిడివి మీద వీడియో చేస్తూ నేనే నిడివి దాటిపోతున్నాను. మిగతావి గబగబా.

డీసీపీ: థియేటర్ ప్రొజెక్టర్‌కు ఇచ్చే డిజిటల్ ప్రతి. దాన్ని సెకనుకు 24 ఫ్రేములకే తయారుచేయండి, 25తో అన్ని చోట్లా ఆడుతుందన్న భరోసా లేదు. డిజిటల్ తాళం వేసి, అంటే ఎన్‌క్రిప్ట్ చేసి పంపకండి. ఆ తాళంచెవి ఫలానా యంత్రానికి, ఫలానా గంటల మధ్యే పనిచేస్తుంది. చివరి నిమిషంలో ప్రొజెక్టర్ మారిందంటే తెర నల్లగా మిగులుతుంది. శబ్దం: తొమ్మిది సినిమాలు తొమ్మిది స్థాయుల్లో వస్తాయి, ముందే హాలులో ఒకసారి వినిపించి సరిచేయాలి. సినిమాకూ సినిమాకూ మధ్య దీపాలు వెయ్యకండి, కొన్ని క్షణాల చీకటి చాలు. సబ్‌టైటిళ్లు తెల్ల గోడ మీద తెల్ల అక్షరాలతో వద్దు. ముందే ఇంటర్నెట్‌లో పెట్టేస్తే కొన్ని ఉత్సవాలు తీసుకోవు, నిబంధనలు చదువుకుని పెట్టండి.

ఇక దర్శకుణ్ని ఏమడగాలంటారా? "ఏ దృశ్యం తీసేశారు?" అని అడగండి. దానికి "చూడాలండీ" అని తప్పించుకోలేడు. కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. హాలుకు తాళం వేసేవారు వచ్చి మిమ్మల్నిద్దరినీ లేపాలి.