తలస్నానం మీద నింద

ప్రిన్సిపాల్ గారికి, సహాధ్యాపక మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం. జాతీయ విజ్ఞాన దినోత్సవం నాడు రామన్ గారి గురించి మాట్లాడటం ఆనవాయితీ. ఆ పని భౌతికశాస్త్ర మిత్రులు ఉదయమే చక్కగా చేశారు కనుక, జంతుశాస్త్రం పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న నేను ముక్కు గురించి చెబుతాను. అందుకు కారణం మా అక్క.

అక్కకు పడిశం పట్టిందంటే వారాల తరబడి వదిలేది కాదు. చెంపల్లో బరువు, వంగితే నుదుట పోటు, రాత్రంతా నోటితోనే ఊపిరి. అదే ఇంట్లో పెరిగి అదే బావి నీళ్లు పోసుకున్న నాకు నాలుగు రోజుల్లో తగ్గిపోయేది. పెద్దవాళ్ల తీర్పు మాత్రం ఒక్కటే: తలంటు పోసుకుని జుట్టు ఆరబెట్టుకోదు, అనుభవిస్తోంది. అత్తవారింటికి వెళ్లినా ఆ నింద ఆమెను వదల్లేదు. చూసిన వైద్యుడు వెళ్లినప్పుడల్లా యాంటీబయాటిక్ రాసిచ్చేవారే తప్ప, దుప్పటి దులిపితే తుమ్ములొస్తాయా అని గానీ, మీ నాన్నగారికి ఉబ్బసం ఉందా అని గానీ ఎన్నడూ అడగలేదు. అడిగి ఉంటే రెండింటికీ అవుననే జవాబు వచ్చేది.

మన ముఖంలోని ఎముకల మధ్య సైనస్‌లనే నాలుగు జతల గాలి గదులున్నాయి. వాటి లోపలి పొర మీది శైలికలు, అంటే కదిలే సన్నని నూగు, జిగురును ఇరుకైన ద్వారాల గుండా ఎప్పటికప్పుడు ముక్కులోకి తోసేస్తుంటాయి. అలర్జీ ఉన్నవారికి ఇంటి దుమ్ములోని సూక్ష్మ పురుగులో, వయ్యారిభామ పుప్పొడో తగిలినప్పుడు ఐజీఈ అనే అలర్జీ ప్రతిరక్షకాల ద్వారా పొరలోని మాస్ట్ కణాలు రెచ్చిపోయి హిస్టమిన్ అనే వాపు తెచ్చే రసాయనాన్ని వదులుతాయి. దానితో పొర వాచి ఆ ద్వారాలు ఇంకా ఇరుకైపోతాయి. అప్పుడు మామూలు జలుబు వచ్చినా జిగురు లోపలే నిలిచిపోతుంది. ఇంతా చేసి, వైరస్ వల్ల వచ్చే జలుబుల్లో బ్యాక్టీరియా సైనసైటిస్‌గా, అంటే యాంటీబయాటిక్ పనిచేసే సైనస్ వాపుగా, మారేవి సుమారు నూటికి రెండుకు మించవు. మరి మందుల షాపుల్లో అన్ని యాంటీబయాటిక్‌లు ఎవరి కోసం అమ్ముడవుతున్నాయో మీరే చెప్పండి.

ఇక వంశపారంపర్యం సంగతి. శైలికలే పుట్టుకతో సరిగా కదలని వారున్నారు. సైనస్ బాధ, ఊపిరితిత్తుల జబ్బు, కుడివైపు గుండె కలిసి వచ్చే స్థితిని 1933లో కార్టజెనర్ అనే వైద్యుడు వర్ణించాడు. జిగురు చిక్కబడి ఊపిరితిత్తులను దెబ్బతీసే సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య జబ్బుకు కారణమైన జన్యువు రెండు ప్రతుల్లో ఒక్కటి మాత్రమే దెబ్బతిన్నవారు దీర్ఘకాల సైనస్ రోగుల్లో 7 శాతం, ఇతరుల్లో 2 శాతం ఉన్నట్లు 2000లో ఒక అమెరికా అధ్యయనం తేల్చింది. వీటిని ఇక్కడ ఆపుతాను, ఎందుకంటే నాకిష్టమైన కథ వేరే ఉంది.

1931లో డ్యూపాంట్ అనే అమెరికా రసాయన సంస్థ ప్రయోగశాలలో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త చేతిలోని పొడి గాలిలోకి లేచింది. పక్కనున్న సహోద్యోగి చేదు, చేదు అని గొణిగాడు. ఫాక్స్‌కేమో ఏ రుచీ తెలియలేదు. ఆ పొడే, కొందరికి చేదుగా ఉండి కొందరికి రుచే తెలియని, మన ప్రయోగశాలల్లో వాడే పీటీసీ. దాని చేదును పట్టే గ్రాహకపు (కణం మీద రుచిని పసిగట్టే ప్రోటీన్) జన్యువు 2003లో దొరికింది. ఆ గ్రాహకం ముక్కు పొరలోనూ ఉందని, కొన్ని బ్యాక్టీరియా తమలో తాము పంపుకునే రసాయన సంకేతాలను పసిగట్టి, ఆ బ్యాక్టీరియాను చంపే నైట్రిక్ ఆక్సైడ్‌ను పుట్టిస్తుందని 2012లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని రాబర్ట్ లీ, నోమ్ కోహెన్ బృందం చూపించింది. నాలుకకు కాపలా అనుకున్నది ముక్కుకూ కాపలా కాస్తోందన్నమాట! ఈ సంగతి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

చేదు తెలియనివారి ముక్కుకు ఆ కాపలా తక్కువై ఉండాలి కదా అనుకుని, వెంటనే పీటీసీ కాగితం తీసుకుని అక్క దగ్గరకు వెళ్లాను. ఆమె మొహం చిట్లించి ఉమ్మేసింది. చేదు తెలియనిది నాకే! అంటే ఆ ఒక్క జన్యువును బట్టి ఎవరి ముక్కుకూ జాతకం చెప్పలేము. ఆమె బాధకు మూలం అలర్జీయేనని తర్వాత చర్మపరీక్షలో తేలింది. పరుపు, దిండ్ల సంగతి చూసుకుంటూ, ఉప్పునీటితో ముక్కు కడుక్కుంటూ, వైద్యుల సలహాపై స్టెరాయిడ్ స్ప్రే వాడుతూ ఇప్పుడు కుదుటపడింది. తలస్నానం మానలేదు.

కనుక విద్యార్థులారా, ఈసారి వైద్యుడి దగ్గరకు వెళ్లినప్పుడు ఆయన అడగకపోయినా చెప్పండి. ఇంట్లో ఎవరికి ఉబ్బసం ఉందో, ఎవరికి ముక్కులో కండ పెరిగిందో, ఏ కాలంలో తుమ్ములు మొదలవుతాయో చెప్పండి. ఆస్పిరిన్ వేసుకున్నాక ఎప్పుడైనా ఆయాసం వచ్చి ఉంటే అది మాత్రం అన్నిటికంటే ముందు చెప్పండి.