తిరుపతి వ్లాగ్: అరుగు పోయి స్టిల్ట్ వచ్చింది

హాయ్ అండీ! వాంకూవర్ నుంచి వచ్చి నాలుగు రోజులైంది. జెట్‌లాగ్ పుణ్యమా అని తెల్లారకముందే మెలకువ. ఇప్పుడు బైరాగిపట్టెడలో మా మిద్దె మీదున్నా. ఒకప్పుడు ఇక్కడ నిలబడితే కొండ నిండుగా కనిపించేది. ఇప్పుడు చూడండి: ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, దాని మీద నీళ్ల ట్యాంకు, ట్యాంకు పక్కన ఇంత ముక్క కొండ. అమ్మ రోజూ ఆ ముక్కకే దండం పెడుతోంది. "ట్యాంకుకా అమ్మా?" అంటే, "స్వామికి తెలుసులే, ముందు ఆ ఫోను దించు" అంది.

వాంకూవర్‌లోనూ కొండలున్నాయి. అవి ఊళ్లోంచి కనపడాలని 1989లోనే కొన్ని చోట్ల గీతలు గీసేశారు. ఆ గీతకు అడ్డమొస్తే టవర్ పొట్టిదవ్వాల్సిందే.

సరే, కిందికి పోదాం. నాకు అసలు దిగులు పుట్టింది ఇక్కడే. ఈ గేటున్న చోట పెద్దమ్మ వాళ్ల అరుగు ఉండేది. పూలామె గంప దించి, అక్కడే కూర్చుని మూరలు కొలిచేది. సగం వీధి కబుర్లు ఆ మూరల మధ్యే తెలిసేవి. ఇప్పుడంతా స్టిల్ట్ పార్కింగ్: స్తంభాలు, కవరు కప్పిన కార్లు, వాచ్‌మన్ కుర్చీ. వీధి వైపు ఒక్క తలుపు లేదు. పార్కింగ్ వద్దని అనలేను, కార్లన్నీ బయట పెడితే ఆటో కూడా దూరదు. వాంకూవర్‌లో మేం ఉండే వైపు ముప్పై అంతస్తులవీ ఉన్నాయి కానీ, కార్లు నేల కింద, వీధి పక్కన కాఫీ కొట్లు, ఇళ్ల గుమ్మాలు.

ఎత్తే తప్పయితే గోవిందరాజస్వామి గాలిగోపురం మాటేంటి? మన రాష్ట్రంలో 2017లో వచ్చిన భవన నిబంధనల్లో 18 మీటర్లకే హైరైజ్, అంటే ఎత్తైన భవనం, అన్నారు. ఒకప్పటి పాలకుడు మట్లి అనంతరాజు కట్టించిన ఆ గోపురం దాదాపు 50 మీటర్లు. నిన్న సాయంత్రం దాని కింద గాజులు, బొమ్మలు, పూలు... ఫోను పట్టుకోడానికి చోటు లేదు!

పెద్దమ్మ స్థలాన్ని డెవలప్‌మెంట్‌కిచ్చి మూడో అంతస్తుకెళ్లింది. మోకాళ్ల నొప్పి, కిందికి దిగదు. అదిగో, కూరగాయల బండి రాగానే తాడుకు కట్టిన బుట్ట వస్తోంది. అడుగున మడిచిన వంద నోటు.

"ఎవరే అది, చిన్నదానివా? వంకాయలు పుచ్చులేమో చూసి వెయ్యి. కొత్తిమీర ఊరికే ఇమ్మను!"

ఒక్క నిమిషం అండీ, ఫోను బండి మీద పెడుతున్నా.