డీఎన్ఏకి సర్ఫాక్టెంట్ తోడైతే ద్రవ స్ఫటికం

[తెర మీద: రెండు పరీక్షనాళికలు. రెండింట్లోనూ తేట ద్రవం.]

ఒకదాంట్లో నీళ్లలో కరిగిన డీఎన్ఏ ఉంది. రెండో దాంట్లో సీట్యాబ్ అనే సర్ఫాక్టెంట్, అంటే సబ్బు కోవకి చెందిన పదార్థం. దీన్ని డీఎన్ఏలో ఒక్కో చుక్కే వేద్దాం. చూశారా, చుక్క పడ్డచోటల్లా పాలు విరిగినట్టు తెల్లటి తునకలు! అడుగున చేరుతున్న ఆ మెత్తటి ముద్దలో అణువులు వరసలు కట్టేశాయి. అయినా కదలిక పూర్తిగా పోలేదు. అందుకే ద్రవ స్ఫటికం అంటాం.

[యానిమేషన్: డీఎన్ఏ పోగు దగ్గరగా]

పోగు మందం సుమారు 2 నానోమీటర్లు. ప్రతి 0.34 నానోమీటర్లకీ ఒక బేస్ జత, అంటే డీఎన్ఏ నిచ్చెనలో ఒక మెట్టు; జతకి రెండు ఋణావేశాలు. సీట్యాబ్‌కేమో ధనావేశమున్న తల, 16 కార్బన్ల తోక. నీళ్లంటే పడని ఆ తోకలన్నీ లోపలికి ముడుచుకుని గుంపు కడతాయి. ఆ గుంపే మిసెల్.

వ్యతిరేక ఆవేశాలు కదా, ఆకర్షించుకుంటాయి అని ఊరుకోవచ్చు. కానీ అసలు అందమంతా ఆ తర్వాతే ఉంది. డీఎన్ఏ చుట్టూ ముందే సోడియం అయాన్లు మూగి ఉన్నాయి, మిసెల్ చుట్టూ బ్రోమైడ్ అయాన్లు. ఇవి రెండూ కలవగానే ఆ చిన్న అయాన్లకి పని తప్పుతుంది. వేలకొద్దీ విడుదలై నీళ్లంతటా చెదిరిపోతాయి. ఎంట్రోపీ, అంటే చెదిరి తిరిగే స్వేచ్ఛ, పెరుగుతుంది. డీఎన్ఏ వరసలో నిలబడడానికి ప్రధాన కారణం ఈ చెదిరిపోవడమే. నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరని విషయం ఇది.

[తెర మీద: పోలరైజింగ్ మైక్రోస్కోప్ దృశ్యం]

కాంతిని ఒకే దిశలో కంపించేలా వడకట్టే పోలరైజర్లు అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి పెట్టి చూస్తే మామూలు నీళ్లు నల్లగా కనిపిస్తాయి. అణువులు వరసలు కట్టిన ఈ ముద్ద మాత్రం వెలుగుతుంది. లోపలి అమరిక తెలియాలంటే ఎక్స్-రేలు కావాలి. సీట్యాబ్‌తో షడ్భుజాల అమరిక వస్తుంది, తేనెపట్టులా. రెండు తోకల లిపిడ్లతో, అంటే కొవ్వు కోవకి చెందిన అణువులతో, పొరలు రావచ్చు: పొరకీ పొరకీ మధ్య డీఎన్ఏ పోగులు సమాన దూరాల్లో పడుకుని ఉంటాయి. 1997లో భౌతిక శాస్త్రవేత్త సైరస్ సఫీన్యా బృందం దీన్ని చూపించింది. జన్యువుల్ని కణాల్లోకి చేర్చాలనుకునే వాళ్లకి అది చాలా విలువైన సమాచారం.

[తెర మీద: మొదటి పరీక్షనాళిక, అడుగున తెల్లటి ముద్ద]

ఇప్పుడు ఇందులో బాగా ఉప్పు వేద్దాం. నీళ్లు ముందే అయాన్లతో నిండిపోతే, కొత్తగా విడుదలయ్యే వాటికి దక్కే లాభం తగ్గిపోతుంది. ముద్ద కరిగిపోతుంది. మొక్కల నుంచి సీట్యాబ్‌తో డీఎన్ఏ తీసేటప్పుడు లీటరుకి సుమారు 80 గ్రాముల ఉప్పు వేసేది ఇందుకే. అంత ఉప్పులో డీఎన్ఏ ముద్ద కట్టకుండా నీళ్లలోనే కరిగి ఉంటుంది.