గొర్రెల షెడ్డులో తయారైన రికార్డు

మిత్రులందరికీ నమస్కారం.

ఆస్ట్రేలియా రాక్ అనగానే ఎవరైనా ఏసీ డీసీ బ్యాండు పేరు చెబుతారు, మహా అయితే మిడ్‌నైట్ ఆయిల్ అంటారు. ఆ రికార్డులు అడిగిన చోటల్లా దొరుకుతాయి. నేను మాట్లాడాలనుకున్నది సిడ్నీ, మెల్‌బోర్న్‌లకు దూరంగా పుట్టి, రావాల్సినంత పేరు రాని ఎల్పీల, అంటే పెద్ద గ్రామఫోన్ రికార్డుల గురించి.

పెర్త్ నుంచి సిడ్నీకి రోడ్డు మీద దాదాపు 4,000 కిలోమీటర్లు. మధ్యలో చెట్టన్నది అరుదైన నల్లార్‌బార్ మైదానం. ద ట్రిఫిడ్స్ అనే పెర్త్ బ్యాండు కచేరీల కోసం ఆ దారిని వ్యాన్‌లో ఎన్నోసార్లు దాటింది. వాళ్లకు పాటలు రాసి పాడిన డేవిడ్ మెక్‌కాంబ్ ఆ దూరాన్నే పాటల్లోకి తెచ్చాడు. 1986లో వచ్చిన ‘బార్న్ శాండీ డివోషనల్’ ఆల్బమ్‌ని రికార్డు చేసింది లండన్‌లో. వింటే మాత్రం అంతా ఎండ, ఉప్పుగాలి, మనిషి లేని రోడ్డు. అందులోని ‘వైడ్ ఓపెన్ రోడ్’ బ్రిటన్‌లో 26వ స్థానం దాకా వెళ్లింది, సొంత దేశంలో అంత ఆదరణ రాలేదు. ఆల్బమ్ కవర్ మీద పెర్త్‌కి దక్షిణాన ఉన్న మాండురా తీరాన్ని 1961లో ఆకాశం నుంచి తీసిన ఫోటో ఉంటుంది. ఫోన్‌లో అది గోరంత. పన్నెండు అంగుళాల అట్ట మీద చూడండి, ఆ పాటలు ఎక్కడివో తెలుస్తుంది.

అయినా నాకు ప్రాణం వాళ్లదే ‘ఇన్ ద పైన్స్’ ఆల్బమ్. అదే ఏడాది రేవెన్స్‌థార్ప్ దగ్గర మెక్‌కాంబ్ కుటుంబం పొలంలో, గొర్రెల ఉన్ని కత్తిరించే షెడ్డులో, ఎనిమిది ట్రాకుల మెషిన్ పెట్టుకుని రికార్డు చేశారు. తిండీ తాగుడూ కలిపినా ఖర్చు 1,200 డాలర్లు దాటలేదు. తర్వాతి ఏడాదే పెద్ద కంపెనీ డబ్బుతో ‘కాలెంచర్’ చేశారు. బాగుంటుంది, కానీ ఆ షెడ్డులో ఉన్న చనువు దానిలో లేదు. మెక్‌కాంబ్ 1999లో, 37 ఏళ్లు నిండకుండానే పోయాడు.

రెండో బ్యాండు వరుంపి. ఆలిస్ స్ప్రింగ్స్‌కి వాయవ్యంగా, ఎడారిలో ఉన్న పపున్యా అనే ఆదివాసీ ఊరు వాళ్లది. 1983లో అక్కడి ఆదివాసీల లురిచా భాషలో సింగిల్, అంటే చిన్న రికార్డు తెచ్చారు. ఆదివాసీ భాషలో రాక్ పాట రికార్డుగా రావడం అదే మొదటిసారి. ఇంగ్లీషులో పాడితేనే నాలుగు చోట్లకు వెళ్తామని అందరూ నమ్మే రోజుల్లో వాళ్లు అమ్మభాషతో మొదలుపెట్టారు. తెలుగువాడిగా ఆ తెగువ నన్ను కదిలిస్తుంది. 1985 నాటి ‘బిగ్ నేమ్, నో బ్లాంకెట్స్’, 1987 నాటి ‘గో బుష్!’ రెండూ వెతకండి. రెండోదానిలోనే ‘మై ఐలాండ్ హోమ్’ ఉంది. పాడిన జార్జ్ బురర్‌వంగాది ఉత్తరాన ఎల్కో దీవి. సముద్రం పక్కన పుట్టి ఎడారిలో బతికిన మనిషి బెంగ ఆ పాట.

బ్రిస్బేన్ బ్యాండు ద సెయింట్స్ విషయంలో అందరూ మొదటి ఆల్బమ్ కొంటారు. మీరు 1978 నాటి ‘ప్రీహిస్టారిక్ సౌండ్స్’ తీసుకోండి, అందులో బాకాలు వినాలి.

కొనేముందు ఒక్క మాట. కవర్ చూసి మురిసిపోయి నేనొకసారి వంకర తిరిగిన రికార్డు ఇంటికి తెచ్చుకున్నాను. ముల్లు పడవలా ఊగింది. రికార్డును కంటి ఎత్తున అడ్డంగా పట్టుకుని అంచు చూడండి. తర్వాత దీపం కింద కాస్త ఏటవాలుగా పట్టి గీతలు చూడండి. మధ్య రంధ్రం చుట్టూ సన్నటి గీతలు ఎక్కువగా ఉంటే, అది చాలాసార్లు ప్లేయర్ ఎక్కిందని అర్థం.

ఇప్పుడు ‘ఇన్ ద పైన్స్’ మొదటి పక్క వేస్తున్నాను. కాస్త ఫ్యాన్లు ఆపండి.