గడ్డి మంట, వదులు తీగ: బ్లడీవుడ్ కొత్త ఆల్బమ్ గురించి

అందరికీ నమస్కారం. మెటల్ సంగీతం, అంటే బరువైన గిటార్ మోతతో, అరుపులతో సాగే రాక్ సంగీతం గురించి మాట్లాడమంటే, నల్లగొండలో దీనికెవరొస్తారులే అనుకున్నాను. కుర్చీలు నిండాయి. సగం మంది నాకు మైక్‌సెట్ కిరాయి బాకీ ఉన్నవాళ్లే, మొహమాటానికి వచ్చినట్టున్నారు.

నేను సంగీతం నేర్చుకున్నవాణ్ని కాదు. ఇరవై ఏళ్లుగా పెళ్లిళ్లకు, బోనాలకు, నిమజ్జనాలకు సౌండ్ బాక్సులు పెడుతున్నాను. కాబట్టి చప్పుడు గురించి మాత్రం చెప్పగలను.

ఢిల్లీలో బ్లడీవుడ్ అని ఒక బ్యాండ్ ఉంది. కరణ్ కటియార్ గిటార్, వేణువు వాయిస్తాడు. జయంత్ భడూలా పాడతాడు, గొంతు చించుకుని అరుస్తాడు. రౌల్ కెర్ ఇంగ్లిష్‌లో ర్యాప్ చేస్తాడు. 2016లో మొదలైనప్పుడు వీళ్లది వేళాకోళమే. అందరికీ తెలిసిన పాప్ పాటల్ని మెటల్‌లోకి మార్చి యూట్యూబ్‌లో పెట్టేవాళ్లు. 2019కల్లా జర్మనీలో వాకెన్ అనే మెటల్ సంగీతోత్సవం వేదిక ఎక్కారు. 2022లో సొంత పాటలతో 'రక్షక్' ఆల్బమ్ వచ్చింది, 2025 మార్చిలో 'నూ ఢిల్లీ'. ర్యాప్‌ను కలుపుకున్న మెటల్‌కు నూ మెటల్ అని పేరుంది కదా, ఆ పేరులో చమత్కారం అదే.

ఇక్కడ కాస్త పక్కకు వెళ్తాను. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో టోనీ అయోమీ అనే గిటార్ వాయించే కుర్రాడు, పదిహేడేళ్లవాడు, రేకుల ఫ్యాక్టరీలో పని మానేసే చివరి రోజున మిషన్ కింద రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు టోపీలు చేసుకున్నాడు. తర్వాత తర్వాత తీగల బిగువు తగ్గించి వాయించాడు, శబ్దం బరువెక్కింది. అతని బ్యాండ్ బ్లాక్ సబ్బాత్ మొదటి ఆల్బమ్ 1970 ఫిబ్రవరిలో వచ్చింది. మెటల్‌కు అదే మొదలంటారు. మన దగ్గర దీనికి ఉల్టా: డప్పును గడ్డి మంటకు వేడి చేసి తోలు బిగిస్తాం. అక్కడ వదులు చేస్తే బరువు, ఇక్కడ బిగిస్తే ఖణేల్‌మనే మోత. బ్లడీవుడ్‌లో ఢోల్, గిటార్ పక్కపక్కన నిలబడ్డప్పుడు నాకు వినబడేది ఈ తేడానే.

మా గోదాంలో ఒకసారి 'రక్షక్' పెట్టాను. డప్పు కొట్టే పెద్దాయన ఒకరు పక్కన కూర్చుని సిర్రకు, అంటే డప్పు కొట్టే కర్రకు, గుడ్డ చుట్టుకుంటున్నారు. నేను మామా అని పిలుస్తాను. రెండు పాటలు విని, "ఈ పోరనికి ఏడ నొస్తుందో అడుగురాదు అల్లుడా" అన్నారు. నవ్వాను గానీ, మామ అన్నది సరిగ్గా అదే. ఆ ఆల్బమ్ అంతా నొప్పే. 'గద్దార్' మతం పేరిట ద్వేషం రాజేసే రాజకీయం మీద, 'దనా దన్' ఆడవాళ్ల మీద జరిగే అఘాయిత్యాల మీద, 'జీ వీరే' మనసు కుంగిపోయినవాళ్ల కోసం. ఒక్కో పాట ఒక్కో గాయం దగ్గర ఆగుతుంది.

'నూ ఢిల్లీ' పెట్టినప్పుడు మామ ఏమీ అనలేదు. మూడో పాటకు చిటికెన పుల్ల, అదే డప్పు కొట్టే సన్న పుల్ల, మోకాలి మీద ఆడటం మొదలైంది. నా చెవికి తోచింది చెబుతాను. 'రక్షక్'లో చాలాచోట్ల వేణువు వంతు అయ్యాక గిటార్ వంతు వస్తుంది, వంతులేసుకున్నట్టు. కొత్తదాంట్లో ఢోల్ దెబ్బ, గిటార్ దెబ్బ ఒకే అడుగులో పడతాయి. ఎనిమిదే పాటలు, సాగదీత లేదు. 'బేఖౌఫ్'లో జపాన్ బ్యాండ్ బేబీమెటల్ గొంతు కలిపింది. 'తడ్కా' అయితే ఏకంగా తిండి మీద పాట. తాలింపు అండీ! చావు, దయ్యాల చుట్టూ తిరిగే పాటలకు పేరుబడ్డ సంగీతంలో పోపు గింజలు.

కొందరు పదును తగ్గిందంటున్నారు. మాటల వరకు నేనూ ఒప్పుకుంటాను. 'హల్లా బోల్', 'బేఖౌఫ్' ధైర్యం నూరిపోసే పాటలు. ధైర్యం చెప్పడం తేలిక. 'గద్దార్' లాగా ఒక తప్పును కాలర్ పట్టుకుని నిలదీయడం కష్టం. అది ఇందులో నాకు కొరవడింది.

కానీ సంతోషం వస్తే బరువు పోతుందనే మాట ఒప్పుకోను. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు మీరంతా పోయినవాళ్లే. ఓ లింగా, ఓ లింగా అని జనం కదులుతుంటే, భేరీలు మోగుతుంటే, గుండెల మీద ఎవరో చెయ్యేసి తోసినట్టుంటుంది. అక్కడ ఎవరికీ కోపం లేదు. నా బాక్సులు ఎన్ని పెట్టినా ఆ దెబ్బ రాదు, ఇది వ్యాపార రహస్యం, బయట చెప్పకండి. 'తడ్కా' వింటే నాకా గట్టు గుర్తొచ్చింది. అరుపు అదే, అరిచే కారణం మారింది.

మాటలు చాలు, ఆ పాటే పెడతాను. ముందు వరుసలో చిన్నపిల్లలను ఎత్తుకున్న అక్కలు కాస్త వెనక్కి జరగండి. ఎడమవైపు బాక్సు కొంచెం ఎక్కువ మోగుతుంది.